ఆరో ఏడాది జీతం ఎవరిస్తారు? ప్రజారోగ్య పరిశోధనను ఎక్కడ మొదలుపెట్టాలన్న ప్రశ్నకు జవాబు

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. ఒక చిన్న, పేద దేశపు ఆరోగ్య శాఖకు పరిశోధన సామర్థ్యం పెంచుకోవడానికి ఐదేళ్ల విదేశీ నిధి రాబోతోంది. ఒప్పందం ఇంకా చర్చల్లోనే ఉంది. శాఖలో ఒక వర్గం కొత్త జాతీయ ప్రయోగశాల కట్టి, అందులో జీనోమ్ సీక్వెన్సింగ్ యంత్రం (సూక్ష్మజీవుల జన్యు సమాచారాన్ని చదివే సీక్వెన్సర్) పెట్టాలంటోంది. రెండో వర్గం చురుకైన యువ వైద్యులను పీహెచ్‌డీల కోసం విదేశాలకు పంపాలంటోంది. ఏది ముందు?

నన్నడిగితే రెండూ ముందు కాదు. రెండూ కావలసినవే, కానీ వాటి వంతు తర్వాత వస్తుంది. పరిశోధన సామర్థ్యం పేరుతో ఖర్చయిన డబ్బు ఎక్కడ నిలిచిందో, ఎక్కడ ఇంకిపోయిందో చాలాకాలంగా చూస్తున్నాను. నేను ఏ ప్రతిపాదన చదివినా ముందు రెండు విషయాలు వెతుకుతాను. పరిశోధించవలసిన ప్రశ్నను ఎవరు వేస్తున్నారు? నిధి అయిదేళ్లకు ఆగిపోతే, ఆరో ఏడాది ఆ మనుషులకు జీతం ఎవరిస్తారు? ఈ రెండింటికీ "మేమే" అని జవాబు చెప్పగలిగిన చోట సాదాసీదా గదుల్లోనూ ప్రపంచం తన పద్ధతి మార్చుకునేంత పరిశోధన జరిగింది. చెప్పలేని చోట భవనం గోడ మీద దాత పేరు చెక్కిన శిలాఫలకం ఒక్కటే చెక్కుచెదరకుండా ఉంటుంది.

ముందు ప్రశ్న సంగతి చూద్దాం. మలావీ ఉదాహరణ మీ యంత్రం చర్చకు సూటిగా తగులుతుంది. హెచ్ఐవీ ఉన్న గర్భిణుల్లో ఎవరికి జీవితాంతం మందులివ్వాలో తేల్చడానికి 2010 నాటి ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు రక్తంలోని సీడీ4 అనే రోగనిరోధక కణాల లెక్కను అడిగేవి. మలావీలో చాలా ఆరోగ్య కేంద్రాల్లో ఆ పరీక్ష చేసే వీలు లేదు. మామూలుగా ఆలోచించేవారెవరైనా యంత్రాలకు నిధులడుగుతారు. అక్కడివారు అసలు ఆ లెక్కతో పనేమిటని అడిగారు. హెచ్ఐవీ ఉందని తేలిన ప్రతి గర్భిణికీ, పాలిచ్చే తల్లికీ కణాల లెక్క చూడకుండానే మందులు మొదలుపెట్టి జీవితాంతం కొనసాగిస్తే ఏమవుతుంది? కాన్పుల మధ్య వ్యవధి తక్కువగా ఉన్న దేశంలో మందులు మొదలుపెట్టడం, ఆపడం, మళ్లీ మొదలుపెట్టడం కన్నా అదే మేలన్నది వారి వాదన. 2011లో దేశమంతటా అమలు చేశారు. ఎంతమంది చేరారు, ఎంతమంది మధ్యలో మానేశారు అన్నది తమ సొంత రిజిస్టర్ల నుంచే లెక్క తీశారు. 'ఆప్షన్ బి ప్లస్' పేరుతో ఆ పద్ధతి 2013 నాటి ప్రపంచ మార్గదర్శకాల్లోకి వెళ్లింది. యంత్రం లేకపోవడమే మంచి ప్రశ్నకు దారి తీసిన సందర్భమిది.

ఇంకో వైపు నుంచి చూడండి. తీవ్రమైన జ్వరంతో, రక్తప్రసరణ మందగించిన స్థితిలో వచ్చిన పిల్లలకు సిర ద్వారా ద్రవాలను వేగంగా ఎక్కించాలని దశాబ్దాలుగా పాఠ్యపుస్తకాలు చెప్పాయి. ఆ సలహాకు ఆధారం వెంటిలేటర్లు, ఇంటెన్సివ్ కేర్ ఉన్న సంపన్న దేశాల ఆసుపత్రుల అనుభవం. అవి లేని ఆసుపత్రుల్లో అదే పని చేస్తే ఏమవుతుందో పరీక్షించినవారు లేరు. ఉగాండా, కెన్యా, టాంజానియాల్లోని ఆరు ఆసుపత్రుల్లో 3 వేల మందికి పైగా పిల్లల మీద జరిగిన ఫీస్ట్ అనే ట్రయల్ (చికిత్సలను పోల్చి చూసే పరీక్ష) ఫలితాలు 2011లో వచ్చాయి. వేగంగా ద్రవాలు ఎక్కించిన పిల్లల్లో 48 గంటల్లో సుమారు 10.5 శాతం మంది చనిపోయారు. ఎక్కించని వారిలో 7.3 శాతం. అందరూ మంచి చేస్తుందనుకున్న చికిత్స ప్రాణాలు తీస్తోందన్నమాట. ఎక్కడో తయారైన జ్ఞానాన్ని తెచ్చుకుని అమలు చేస్తే చాలు, పేద దేశాలకు సొంత పరిశోధన విలాసం అని వాదించేవారికి నేను ముందుగా చూపించేది ఈ ట్రయల్‌నే. మీ ఆర్థిక శాఖలో అలాంటి వాదన తప్పకుండా వస్తుంది, గుర్తుపెట్టుకోండి.

క్షయ చికిత్స కథ అంతకన్నా పాతది. మద్రాసులో 1956లో టీబీ కీమోథెరపీ కేంద్రం మొదలైనప్పుడు క్షయ రోగిని శానటోరియంలో, అంటే క్షయ రోగుల ప్రత్యేక ఆసుపత్రిలో ఉంచి, మంచి తిండి పెట్టి, విశ్రాంతి ఇచ్చి నయం చేయాలన్నది ప్రామాణిక వైద్యం. రోగుల సంఖ్యతో పోలిస్తే పడకలు ఏ మూలకూ చాలవు. అందుకే ఇంటి దగ్గరే, ఇరుకు ఇళ్లలో, అరకొర తిండితో ఉన్న రోగికి ఏడాది పాటు మందులిస్తే శానటోరియంతో సమానంగా నయమవుతుందా, ఇంట్లోవాళ్లకు అంటుకుంటుందా అని రోగులను యాదృచ్ఛికంగా రెండు గుంపులు చేసి పోల్చి చూశారు. 1959లో ఫలితాలు వచ్చాయి. చికిత్స ఫలితం దాదాపు సమానం, కుటుంబ సభ్యులకు అదనపు ముప్పు లేదు. ప్రపంచమంతటా శానటోరియంల యుగం ముగియడానికి ఇదొక ముఖ్య కారణం. బ్రిటన్ వైద్య పరిశోధన మండలి, ప్రపంచ ఆరోగ్య సంస్థ అందులో భాగస్వాములే. మొదటి డైరెక్టర్ కూడా బ్రిటన్ నుంచి వచ్చినవారే. అయితే ఆ ప్రశ్న ఆ ఊరి అవసరంలోంచి పుట్టింది. కొద్ది సంవత్సరాల ప్రాజెక్టుగా మొదలైన ఆ కేంద్రాన్ని తర్వాత భారత వైద్య పరిశోధన మండలి శాశ్వత సంస్థగా తీసుకుంది. ఈ చివరి మాటను మీ ఒప్పందంలోకి ఎలా తేవాలో చివర్లో చెబుతాను.

కాబట్టి మొదటి ఆరు నెలలు ఏమీ కొనకండి. మీ శాఖలో క్షయ, మలేరియా, టీకాలు, ప్రసూతి, మధుమేహం లాంటి కార్యక్రమాల అధిపతులను ఒక్కొక్కరినే కూర్చోబెట్టి, రాబోయే రెండు బడ్జెట్లలో వారు తీసుకోవలసిన ఏ నిర్ణయాన్ని ఊహ మీద తీసుకుంటున్నారో చెప్పమనండి. "మలేరియా మీద పరిశోధన కావాలి" అంటే ఒప్పుకోవద్దు. "ఉత్తర జిల్లాల్లో దోమతెరలు మళ్లీ పంచాలా, ఇళ్లలో మందు పిచికారీ చేయాలా, రెండింటికీ డబ్బు లేదు" అంటే అది ప్రశ్న. జాతీయ పరిశోధన ప్రాధాన్యాల పేరుతో ఎన్నో దేశాలు మందపాటి పత్రాలు అచ్చువేశాయి. వాటిలో ప్రతి విభాగానికీ తలా ఒక పేజీ ఉంటుంది, దేన్నీ వదిలిపెట్టరు. అలాంటి పత్రం ఎవరికీ పనికిరాదు. దాత సంస్థ వచ్చి తనకు నచ్చిన అంశాన్ని అందులోంచి ఏరుకుని, మీ ప్రాధాన్యమే కదా అనడానికి మాత్రం పనికొస్తుంది.

ఇక మనుషులు. ఇక్కడే ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే డబ్బులో పెద్ద వాటా వెళ్లవలసింది ఇక్కడికే.

2014 జులై 20న ఎబోలా సోకిన ఒక ప్రయాణికుడు విమానంలో లాగోస్ చేరుకున్నాడు. కోటి మందికి పైగా జనం కిక్కిరిసి ఉండే నగరం అది. పొరుగు పశ్చిమాఫ్రికా దేశాల్లో అప్పటికే వ్యాధి అదుపు తప్పింది. నైజీరియాలో మాత్రం 20 కేసులు, 8 మరణాలతో ఆగింది. అక్టోబర్ 20న దేశాన్ని ఎబోలా రహితంగా ప్రకటించారు. రక్త పరీక్షను స్థానిక ప్రయోగశాలలు వెంటనే చేయగలగడం ఇందులో ఒక భాగం, కాదనను. అసలు పని మాత్రం రోగులతో దగ్గరగా మెలిగిన సుమారు 900 మందిని వెతికి పట్టుకుని, రోజూ ఇంటికి వెళ్లి చూసి రావడం. ఆ సందర్శనలే 18 వేలకు పైగా ఉన్నాయి. పోలియో నిర్మూలన కోసం అప్పటికే నడుస్తున్న అత్యవసర నిర్వహణ కేంద్రం నమూనాను, మనుషులను అలాగే ఎబోలాకు మళ్లించారు. ఆ దేశంలో 2008 నుంచి నడుస్తున్న క్షేత్ర ఎపిడెమియాలజీ (వ్యాధులు ఎలా వ్యాపిస్తున్నాయో అక్కడికే వెళ్లి విచారించే శాస్త్రం) శిక్షణలో తయారైనవారు ఆ బృందాల్లో ఉన్నారు. వారిని జులైలో నియమించలేదు, అప్పటికే ప్రభుత్వ ఉద్యోగాల్లో ఉన్నారు. తేడా అంతా అక్కడే ఉంది.

ఈ క్షేత్ర శిక్షణ పద్ధతి అమెరికాలో 1951లో మొదలైంది. ఉత్తర అమెరికా బయట మొదటి కార్యక్రమం 1980లో థాయ్‌లాండ్‌లో పెట్టారు. ఇప్పుడు 80కి పైగా దేశాల్లో ఉంది. తరగతి గదిలో గడిపే కాలం తక్కువ. మిగతా సమయమంతా ఉద్యోగంలోనే ఉంటూ, నిజమైన వ్యాధి వ్యాప్తిని విచారించి, నిజమైన వ్యాధి నిఘా వ్యవస్థను తూచి, నివేదిక రాయాలి. మీ దేశంలో ఇది లేకపోతే నిధిలో మొదటి వాటా దీనికే పెట్టండి. ఉంటే, పూర్తి చేసినవారు ఇప్పుడెక్కడున్నారో లెక్క తీయండి. ఆ జాబితా మీకు చాలా విషయాలు చెబుతుంది. సగం మంది అంతర్జాతీయ సంస్థల కార్యాలయాల్లో ఉన్నారంటే శిక్షణలో లోపం లేదు, మీ ఉద్యోగ శ్రేణిలో లోపం ఉంది.

ఇంకొకటి, తక్కువ ఖర్చుది. కార్యక్రమాల్లోనే పనిచేసేవారికి పరిశోధన నేర్పే సార్ట్ ఇట్ అనే కోర్సు. క్షయ, ఊపిరితిత్తుల వ్యాధులపై పనిచేసే అంతర్జాతీయ సంఘం, సరిహద్దులు లేని వైద్యుల సంస్థ కలిసి 2009లో మొదలుపెట్టాయి. తర్వాత ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆధ్వర్యంలోని ఉష్ణమండల వ్యాధుల పరిశోధన కార్యక్రమం టీడీఆర్ దాన్ని విస్తరించింది. దాని గుణమంతా కఠినత్వంలో ఉంది. మూడు దశలు, దాదాపు ఏడాది. మొదటి దశకు వచ్చేటప్పుడే తన కార్యక్రమంలోని ఒక ప్రశ్న తెచ్చుకోవాలి. గడువులోగా ప్రణాళిక, గడువులోగా డేటా, చివరి దశ ముగిసిన నాలుగు వారాల్లో పత్రికకు వ్యాసం. గడువు తప్పితే తర్వాతి దశకు పిలవరు. వర్క్‌షాపులకు వచ్చి బ్యాగు, పెన్ను, భత్యం తీసుకుని వెళ్లే సంస్కృతికి అలవాటుపడినవారికి ఇది మింగుడుపడదు. అందుకే నాకు నచ్చుతుంది. ప్రయోగశాల అక్కర్లేదు, మీ రిజిస్టర్లే ముడిసరుకు.

పీహెచ్‌డీల విషయానికి వస్తే, పంపండి, కానీ పూర్తిగా పంపేయకండి. నమోదు విదేశీ విశ్వవిద్యాలయంలోనో, ఉమ్మడిగానో ఉండవచ్చు. డేటా సేకరణ, పరిశోధన ప్రశ్న, ఇద్దరు పర్యవేక్షకుల్లో ఒకరు స్వదేశంలో ఉండాలి. ఏడాదిలో కొన్ని నెలలు అక్కడ, మిగతా కాలం ఇక్కడ. అయిదేళ్లు వేరే దేశంలో ఉండి, అక్కడి ప్రయోగశాల ఎలుకల మీద పరిశోధనతో పట్టా పుచ్చుకుని తిరిగి వచ్చినవారికి మీ దగ్గర పని ఉండదు, వారికీ మీరు చేసే పని మీద ఆసక్తి ఉండదు. వలసను బాండ్లతో ఆపలేరు. తిరిగి వచ్చేనాటికి ఒక పోస్టు, ఒక చిన్న పునఃప్రారంభ గ్రాంటు, ఇద్దరు సహాయకులు సిద్ధంగా ఉంటే తిరిగి వచ్చేవారు మీరనుకున్నదాని కన్నా ఎక్కువే ఉంటారు. ఇంకో మాట. అందరూ ఎపిడెమియాలజిస్టులనే లెక్కపెడతారు. నేను చూసిన చాలా జాతీయ సంస్థల్లో అసలు కొరత గణాంక నిపుణులు, డేటా మేనేజర్లు, ట్రయల్ సమన్వయకర్తలది. డేటా మేనేజర్‌ను గుమాస్తా హోదాలో పెట్టి, రెండేళ్లకు బ్యాంకులోకి వెళ్లిపోయాడని బాధపడతారు. హోదా, జీతం రెండూ పెంచి చూడండి.

డేటా గురించి మాట్లాడకుండా ముందుకు వెళ్లలేను. బంగ్లాదేశ్‌లోని మత్లబ్ ప్రాంతంలో 1966 నుంచి జననాలు, మరణాలు, వలసలు ఇల్లిల్లూ తిరిగి నమోదు చేస్తున్నారు. దేశం పేరు మారింది, యుద్ధం వచ్చింది, ప్రభుత్వాలు మారాయి, నమోదు సాగుతూనే ఉంది. నోటి ద్వారా ఇచ్చే కలరా టీకా పరీక్ష, కుటుంబ నియంత్రణ సేవలు జనాభాపై చూపే ప్రభావం లాంటివి అక్కడ తేలడానికి కారణం ఆ పుస్తకాలే. ఎవరు పుట్టారో, ఎవరు పోయారో తెలియని చోట ఏ ఆరోగ్య చర్య పనిచేసిందో ఎలా చెబుతారు? దీనికి ఎదురు ఉదాహరణ మొన్నటిదే. 1984 నుంచి 90కి పైగా దేశాల్లో శిశు మరణాలు, కాన్పులు, టీకాలు, పోషణ మీద జనాభా ఆరోగ్య సర్వేలను అమెరికా ప్రభుత్వ సాయం నడిపించింది. 2025 ఫిబ్రవరిలో ఆ సాయం ఒక్కసారిగా ఆగిపోయింది. క్షేత్రంలో ఉన్న సర్వేలు ఎక్కడివక్కడ నిలిచిపోయాయి. సర్వే నాణ్యతలో తప్పు పట్టవలసింది పెద్దగా లేదు. కానీ నలభై ఏళ్లలో ఆ సర్వేను తమ బడ్జెట్‌తో, తమ గణాంక కార్యాలయంతో నడుపుకునే స్థితికి చేరుకున్న దేశాలు కొన్నే. మీది ఆ కొన్నింటిలో లేకపోతే, సీక్వెన్సర్ కన్నా ముందు జనన మరణాల నమోదుకు ఆలోచించండి. అన్ని జిల్లాలూ ఒకేసారి వద్దు. రెండు మూడు జిల్లాల్లో, ఇంట్లో జరిగిన మరణానికి బంధువులను అడిగి కారణం నిర్ధారించే పద్ధతితో సహా, పూర్తిగా చేయండి.

డేటా, మనుషులు, ప్రశ్న మూడూ కలిసినప్పుడు ఏమవుతుందో చెప్పడానికి ఓఆర్ఎస్ కన్నా మంచి కథ నాకు తెలియదు. 1960లో ఢాకాలో కలరా పరిశోధన ప్రయోగశాల పెట్టారు. 1968లో డేవిడ్ నాలిన్, రిచర్డ్ క్యాష్ అక్కడి రోగుల మీద గ్లూకోజు, లవణాలు కలిపిన నీటిని తాగించి సెలైన్ అవసరం ఎంతగా తగ్గుతుందో చూపించారు. 1971లో శరణార్థులతో నిండిన పశ్చిమ బెంగాల్ సరిహద్దు పట్టణం బన్‌గావ్‌లో సెలైన్ సీసాలు అయిపోతుంటే దిలీప్ మహలనబిస్ పొడి పొట్లాలు కట్టించి బంధువుల చేతే తాగించారు. 30 శాతం దాకా ఉన్న మరణాలు ఆయన శిబిరంలో 3.6 శాతానికి దిగాయి. ఎక్కువమంది కథను ఇక్కడ ఆపేస్తారు. పరిశోధన సామర్థ్యం దృష్టితో చూస్తే ఆ తర్వాతి భాగమే విలువైనది. 1980లలో బంగ్లాదేశ్‌కు చెందిన బ్రాక్ స్వచ్ఛంద సంస్థ 1.2 కోట్లకు పైగా ఇళ్లకు మనుషులను పంపి, బెల్లమో పంచదారో, ఉప్పుతో ద్రావణం చేయడం తల్లులకు నేర్పింది. నేర్పినవారి జీతాన్ని, తర్వాత వెళ్లి అడిగినప్పుడు తల్లులకు ఎంత గుర్తుందో దాన్నిబట్టి లెక్కకట్టింది. అంటే ప్రతి గ్రామంలోనూ ఒక చిన్న మూల్యాంకనం నడిచింది, ఫలితం చూసి పద్ధతిని సరిదిద్దుకున్నారు. ప్రయోగశాలలో కనిపెట్టడం ఎంత పరిశోధనో, అది ఇంటింటికీ చేరేలా చూడటమూ అంతే పరిశోధన. రెండో రకానికి నోబెల్ రాదు, నిధులూ తక్కువే. మీ లాంటి శాఖకు కావలసింది ఎక్కువగా ఈ రెండో రకమే.

మహారాష్ట్రలోని గడ్చిరోలీ అనుభవం కూడా ఈ కోవలోదే. అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు అక్కడి గ్రామాల్లో మహిళా ఆరోగ్య కార్యకర్తలకు నవజాత శిశువుల సంరక్షణ నేర్పారు. 1999లో ప్రచురించిన ఫలితాల్లో పోల్చిన గ్రామాలతో చూస్తే నవజాత మరణాలు 62 శాతం తగ్గాయి. ఆసుపత్రి లేకుండా సెప్సిస్‌కు (ఒళ్లంతా పాకే ఇన్ఫెక్షన్‌కు) చికిత్స ఏమిటని అప్పట్లో పెద్దలు ముఖం చిట్లించారు. తర్వాత ఇంటి వద్ద నవజాత సంరక్షణ జాతీయ కార్యక్రమంలోకి వచ్చింది.

ఇప్పుడు ఎవరూ మాట్లాడని భాగానికి వస్తాను. గ్రాంటుల కార్యాలయం, పరిశోధన నైతికంగా సరైనదో కాదో చూసి అనుమతించే ఎథిక్స్ కమిటీ, కొనుగోళ్లు, మరమ్మతులు. ఇవి లేని సంస్థలో గొప్ప శాస్త్రవేత్త కూడా తన సగం కాలాన్ని బిల్లుల వెనుక తిరగడానికే ఖర్చుచేస్తాడు. వీటికి డబ్బెక్కడిదంటారా? ప్రతి గ్రాంటులోనూ పరోక్ష ఖర్చుల కింద ఒక వాటా ఉంటుంది. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు విదేశీ సంస్థకు ఇచ్చే ఆ వాటాకు 8 శాతం పరిమితి చాలాకాలంగా ఉంది. అదే పనికి అమెరికాలోని పెద్ద విశ్వవిద్యాలయాలు 50 శాతం పైన తీసుకుంటూ వచ్చాయి. కరెంటు, ఆడిట్, జనరేటర్ డీజిల్, గణకుడి జీతం ఎవరికైనా ఖర్చే కదా. అందువల్ల పేద దేశపు సంస్థ ఎన్ని గ్రాంటులు గెలిస్తే అంత లోటులో పడే విచిత్ర పరిస్థితి ఉంది. మీ ఒప్పందంలో పరోక్ష ఖర్చుల శాతం మీద గట్టిగా బేరమాడండి. శాస్త్రవేత్తలు మొహమాటపడతారు కాబట్టి ఆర్థిక శాఖ నుంచి ఒకరిని వెంట తీసుకెళ్లండి.

ఎథిక్స్ కమిటీని అలంకారంగా చూడవద్దు. 1996లో నైజీరియాలోని కానోలో మెనింజైటిస్ విజృంభించినప్పుడు ఒక బహుళజాతి మందుల కంపెనీ పిల్లల మీద కొత్త యాంటీబయాటిక్‌ను పరీక్షించింది. ఎథిక్స్ అనుమతి ఉందని చూపించిన పత్రం తేదీకి ఆ ఆసుపత్రిలో అసలు ఎథిక్స్ కమిటీయే లేదని తర్వాత బయటపడింది. ఆ వ్యవహారం మిగిల్చిన అనుమానాలు ఏళ్ల తర్వాత అదే ప్రాంతంలో పోలియో చుక్కలకు ఎదురైన వ్యతిరేకతలో కూడా కనిపించాయి. జీతం లేకుండా, కార్యదర్శి లేకుండా, మూడు నెలలకోసారి సమావేశమయ్యే కమిటీ ఇటు మంచి పరిశోధనను ఆలస్యం చేస్తుంది, అటు చెడ్డదాన్ని ఆపలేదు. ఇద్దరు పూర్తికాల సిబ్బంది, ఒక గది, గడువుల పట్టిక చాలు. పెద్ద ఖర్చు కాదు.

యంత్రం విషయం. 2011లో ప్రచురితమైన ఒక పరిశీలన 16 దేశాల ఆసుపత్రుల పరికరాల జాబితాలను జల్లెడ పట్టింది. దాదాపు 38 శాతం పరికరాలు పనిచేయడం లేదు. కారణాలు మీరూ ఊహించగలరు. విడిభాగాలు లేవు, నిర్వహణ ఒప్పందం లేదు, మరమ్మతు తెలిసినవారు లేరు. సీక్వెన్సర్‌కు వీటికి తోడు చల్లగా ఉంచవలసిన రీఏజెంట్ల (పరీక్షకు వాడే రసాయనాల) బెడద ఉంటుంది. కస్టమ్స్‌లో రెండు వారాలు ఎండలో ఆగిన పెట్టెను తెరిచి బాధపడిన ప్రయోగశాలలు ఎన్నో. దక్షిణాఫ్రికా 2021 నవంబరు 24న కోవిడ్ కొత్త రకం ఒమిక్రాన్ సంగతిని ప్రపంచ ఆరోగ్య సంస్థకు తెలిపినప్పుడు అందరూ అక్కడి సీక్వెన్సింగ్‌ను మెచ్చుకున్నారు. కానీ ముందు గమనించింది రోజువారీ పీసీఆర్ ఫలితాల్లో ఒక జన్యువు కనిపించకపోవడాన్ని పట్టించుకున్న ప్రయోగశాల సిబ్బంది. వారి నుంచి నమూనా వెంటనే అందుకునే వ్యవస్థ అప్పటికే ఉంది, దాని వెనుక హెచ్ఐవీ, క్షయ పరిశోధనలో దశాబ్దాలుగా పెరిగిన మనుషులున్నారు. (దానికి దొరికిన బహుమానం రోజుల వ్యవధిలో ప్రయాణ నిషేధాలు. ముందుగా చెప్పినవారిని శిక్షించే ప్రపంచంలో నిఘా పెంచమని పేద దేశాలకు ఉపదేశించేవారు ఈ సంగతి ఎత్తరు.) మీకు ఇప్పుడు సీక్వెన్సింగ్ అవసరమైతే పొరుగు దేశపు ప్రాంతీయ కేంద్రంతో ఒప్పందం చేసుకోండి. నమూనాలు మీవి, డేటా మీది, విశ్లేషణలో మీ మనిషి కూర్చోవాలి అన్న షరతులతో. ఏడాదికి ఎన్ని నమూనాలు నిజంగా వస్తున్నాయో చూసి మూడో ఏట కొనండి. కొంటే యంత్రం ధరతో పాటు అయిదేళ్ల నిర్వహణ, రీఏజెంట్లు, ఒక ఇంజినీరు జీతం కలిపి టెండర్ వేయండి.

నమూనాల మీద హక్కు మాట వచ్చింది కాబట్టి కొంచెం. 2007లో ఇండొనేషియా బర్డ్ ఫ్లూ వైరస్ నమూనాలను పంపడం ఆపేసింది. తమ నమూనాలతో తయారయ్యే టీకా తమకే అందుబాటులో ఉండదన్నది వారి అభ్యంతరం. చాలామంది తిట్టారు. కానీ ఆ పేచీ వల్లే 2011లో నమూనాల పంపిణీకి, ప్రయోజనాల పంపిణీకి ముడిపెట్టే ప్రపంచ ఒడంబడిక వచ్చింది. కాంగోలో మార్పు మరో రకంగా వచ్చింది. 1976లో యాంబుకులో ఎబోలా రోగుల దగ్గరికి వెళ్లి నమూనా సేకరించినవారిలో జాన్ జాక్ ముయెంబె ఉన్నారు. ఆ రక్తం బెల్జియం వెళ్లింది, పేరు ప్రఖ్యాతులు కూడా చాలాకాలం అటే ఉన్నాయి. 2018 నవంబరులో అదే దేశంలో, తుపాకుల మోతల మధ్య, నాలుగు మందులను పోల్చే ట్రయల్ మొదలైంది. ఆయన దానికి సహ సారథి. 2019 ఆగస్టు నాటికి రెండు మందులు స్పష్టంగా మెరుగని తేలింది. వాటిలో ఒకటి 1995లో అదే దేశంలోని కిక్విత్‌లో ఎబోలా నుంచి బతికి బయటపడిన రోగి రక్తంలోని యాంటీబాడీ నుంచి వచ్చింది. నమూనా పంపించే స్థానం నుంచి ట్రయల్ నడిపే స్థానానికి చేరడానికి నలభై ఏళ్లు పట్టింది. మధ్యలో ఆయన ఆ దేశాన్ని, ఆ పనిని వదలలేదు.

జవాబు వచ్చాక దాన్ని అడిగి తీసుకునేవారు ప్రభుత్వంలో ఉండాలి. థాయ్‌లాండ్ 2007లో హైటాప్ అనే సంస్థ పెట్టుకుంది. కొత్త మందును, టీకాను, పరీక్షను ప్రభుత్వం కొనాలా, కొంటే ఏ ధరకు అన్నది అది లెక్కకట్టి చెబుతుంది. మందుల జాబితా నిర్ణయించే కమిటీకి ఆ లెక్క కావాలి కాబట్టి పరిశోధకులకు పని, గౌరవం రెండూ దొరికాయి. మీకు అంత పెద్ద సంస్థ అక్కర్లేదు. బడ్జెట్ తయారయ్యే నెలలకు ముందే జవాబులు బల్ల మీదికి వచ్చేలా మంత్రి కార్యాలయంలో ముగ్గురు మనుషులు చాలు.

ఇక డబ్బు, ఒప్పందం. అభివృద్ధి కోసం ఆరోగ్య పరిశోధనపై ఏర్పడిన అంతర్జాతీయ కమిషన్ 1990లోనే తేల్చింది. అకాల మరణాల భారంలో 93 శాతం మోసే దేశాల సమస్యల మీద ప్రపంచ ఆరోగ్య పరిశోధన వ్యయంలో 5 శాతమే ఖర్చవుతోందని. దేశాలు తమ ఆరోగ్య వ్యయంలో 2 శాతం, దాతలు ఆరోగ్య సాయంలో 5 శాతం పరిశోధనకు పెట్టాలని సూచించింది. 2008లో మాలి రాజధాని బమాకోలో మంత్రులంతా అదే మళ్లీ ఒప్పుకున్నారు. చాలా దేశాలు ఆ దరిదాపుల్లోకి కూడా రాలేదు. 2 శాతం గురించి మీ ఆర్థిక శాఖతో వాదించి మొదటి ఏడాదే గెలుస్తారని అనుకోను. దానికన్నా సాధ్యమైనది ఒకటుంది. దాత డబ్బుతో సృష్టించే ప్రతి పోస్టునూ మొదటి రోజే ప్రభుత్వ మంజూరు పోస్టుల జాబితాలో చేర్చమనండి. మొదటి రెండేళ్లు జీతం దాత ఇస్తారు. మూడో ఏడాది నాలుగో వంతు, నాలుగో ఏడాది సగం, అయిదో ఏడాది ముప్పావు ప్రభుత్వం ఇవ్వాలి. ప్రభుత్వం తన వాటా ఇవ్వకపోతే తర్వాతి విడత ఆగుతుందని రాయించండి. దాతలకు ఇది నచ్చుతుంది. మీ ఆర్థిక శాఖకు నచ్చదు, అందుకే సంతకానికి ముందే చేయాలి.

దీంతో పాటు జీతాల స్థాయి కూడా చూసుకోండి. దాత ప్రాజెక్టు జీతం ప్రభుత్వ జీతానికి నాలుగు రెట్లు ఉంటే ఆరో ఏడాది ఎవరూ మిగలరు. జీతం ప్రభుత్వ శ్రేణికి కొంచెం పైన పెట్టి, మిగిలిన డబ్బును పుస్తకాలు, పత్రికలు, సమావేశాల ప్రయాణం, పిల్లల చదువు, ఇల్లు లాంటి వాటి మీద పెట్టిన సంస్థలు మనుషులను మెరుగ్గా నిలబెట్టుకున్నాయి. పత్రికల విషయంలో హినారీ ఉంది. 2002 నుంచి పేద దేశాల సంస్థలకు ఉచితంగానో, నామమాత్రపు రుసుముతోనో పరిశోధన పత్రికలు చదువుకునే వీలు కల్పిస్తోంది. మీ శాఖ ఇప్పటికే అర్హత పొంది ఉండవచ్చు. నమోదు చేసుకోనివారు ఆశ్చర్యంగా చాలామంది.

మీరు ఇంకా చర్చల్లోనే ఉన్నారు కాబట్టి ఈ వారం చేయగలిగింది ఒకటుంది. ప్రాజెక్టు పత్రంలో 'పరికరాలు, భవనాలు' అన్న పద్దులోని మొత్తంలో మూడింట రెండు వంతులను 'సిబ్బంది, డేటా' పద్దుకు మార్చమని అడగండి. మూడో ఏడాది సమీక్ష తర్వాత వెనక్కి మార్చుకునే వీలు కూడా రాయించండి. యంత్రం కావాలంటున్న మీ సహోద్యోగులకు ఆ నిబంధన చూపిస్తే గొడవ సగం చల్లారుతుంది. ఈలోగా కార్యక్రమాల అధిపతులు చెప్పిన ప్రశ్నల జాబితా తయారైతే పంపండి. వాటిలో వేటికి రిజిస్టర్ డేటా చాలు, వేటికి సర్వే కావాలి, వేటికి ట్రయల్ తప్పదు అన్నది కలిసి చూద్దాం.